కార్లైల్ జట్టు గెలుపు ఎవరిది?

ఈ రోజు నూరేళ్ళు దాటిన ఒక ఆటల సీజన్ గురించి మాట్లాడబోతున్నాను. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో కార్లైల్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ మూలవాసుల పిల్లల కోసం ఆ దేశ ప్రభుత్వం ఒక బడి నడిపేది. ఆ బడి ఫుట్‌బాల్ జట్టు 1912లో సెప్టెంబర్ 21 నుంచి నవంబర్ 28 దాకా 14 మ్యాచ్‌లు ఆడింది. అందులో 12 గెలిచింది, ఒకటి ఓడింది, ఒకటి సమంగా ముగిసింది. మొత్తం 504 పాయింట్లు సాధించి, ఎదుటి జట్లన్నిటికీ కలిపి 114 మాత్రమే ఇచ్చింది. ఇంత పెద్ద విజయానికి చరిత్రలో మూడు రకాల వివరణలు స్థిరపడిపోయాయి. ఇది జిమ్ థార్ప్ అనే ఒక్క మహావీరుడి ఘనత అన్నది మొదటిది. కోచ్ గ్లెన్ వార్నర్ తెలివి అన్నది రెండోది. ఆ పిల్లలకు బడి కల్పించిన అవకాశం అన్నది మూడోది. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ మైదానంలో ఆడిన కుర్రాళ్ళను మూడూ పక్కకు నెట్టేస్తున్నాయి. సాక్ష్యాలను ఒక్కొక్కటే పరిశీలిస్తే ఆ గెలుపు ముందుగా ఆ కుర్రాళ్ళ ఉమ్మడి బుద్ధిబలానికే చెందుతుందని నా వాదన. పైగా ఆ గెలుపు, ఏ సిద్ధాంతం మీద ఆ బడి కట్టారో ఆ సిద్ధాంతమే తప్పని రుజువు చేసింది.

ముందుగా ఆట గురించి నాలుగు మాటలు. ఇది మనకు తెలిసిన, కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేతుల్లో పట్టుకుని, పదకొండుమంది ఎదుటి పదకొండుమందిని తోసుకుంటూ, తప్పించుకుంటూ, గజం గజం నేల గెలుచుకునే ఆట. మన కబడ్డీలో లాగానే ఇందులోనూ ఒడుపు లేని బలం ఎక్కువసేపు నిలవదు. అయితే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ ఆట మొరటుగా ఉండేది. బరువైన ఆటగాళ్ళు గుంపుగా కలిసి ఎదుటి వరుస మీద పడటమే ప్రధాన వ్యూహం. 1905 సీజన్లో 18 మంది చనిపోయారని అప్పటి పత్రికలు లెక్కకట్టాయి. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను వైట్‌హౌస్‌కు పిలిచి ఆటను బాగుచేసుకోమని చెప్పాల్సి వచ్చింది. 1906 నుంచి బంతిని ముందుకు విసరడానికి అనుమతి ఇచ్చారు. 1912లో మరికొన్ని మార్పులు వచ్చాయి. పది గజాలు సాగడానికి మూడు బదులు నాలుగు ప్రయత్నాలు ఇచ్చారు. టచ్‌డౌన్ (బంతిని ఎదుటి జట్టు చివరి గీత దాటించడం) విలువను ఐదు పాయింట్ల నుంచి ఆరుకు పెంచారు. మైదానాన్ని 110 గజాల నుంచి 100కు తగ్గించారు. ముందుకు విసిరే బంతికి ఉన్న ఇరవై గజాల హద్దును తీసేశారు. ఈ మార్పులన్నీ కలిసి బరువు కంటే వేగానికీ, తోపులాట కంటే ఆలోచనకూ విలువ పెంచాయి. ఎదుటి జట్ల కంటే సాధారణంగా తేలికగా ఉండే కార్లైల్ కుర్రాళ్ళు ఆ మార్పును అందరికంటే ముందు అందిపుచ్చుకున్నారు. నిజానికి 1907లోనే వాళ్ళు బంతిని ముందుకు విసిరే పద్ధతిని ఆయుధంగా మలుచుకుని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం జట్టును 26-6 తేడాతో ఓడించారు. మిగతా జట్లు ఆ పద్ధతిని ఇంకా అనుమానంగా చూస్తున్న రోజులవి.

ఇప్పుడు బడి సంగతి. రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి 1879లో కార్లైల్‌లోని పాత సైనిక శిబిరంలో దీన్ని స్థాపించాడు. మూలవాసి పిల్లల్లోని మూలవాసిని చంపేస్తేనే మనిషి దక్కుతాడన్నది ఆయన బహిరంగంగా ప్రకటించిన సిద్ధాంతం. వందకు పైగా తెగల నుంచి పిల్లలను వందల మైళ్ళ దూరం రైళ్ళలో తెచ్చి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, తల్లిభాష నోట రాకుండా కట్టడి చేసి, సైనిక క్రమశిక్షణలో పెంచారు. రోజులో సగం చదువు, సగం చేతిపని. జబ్బు చేసి ఇల్లు చేరకుండానే కన్నుమూసిన పిల్లల సమాధులు ఆ ఆవరణలోనే వరుసగా వెలిశాయి. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఫుట్‌బాల్ ఆ పిల్లలకు బడి ఇచ్చిన వరం కాదు. తొలి రోజుల్లో ఒక కుర్రాడి కాలు విరగడంతో ప్రాట్ బయటి జట్లతో ఆడటాన్ని మాన్పించాడు. ఆ తర్వాత విద్యార్థులే ఆయన దగ్గరకు వెళ్ళి, తమ తరఫున వాదించి, అనుమతి సంపాదించుకున్నారు. ఎదుటివాళ్ళు కొట్టినా తిరిగి కొట్టకూడదనీ, కొన్నేళ్ళలో దేశంలోకెల్లా పెద్ద జట్టును ఓడించాలనీ ఆయన రెండు షరతులు పెట్టాడు. అంటే ఆ జట్టు పుట్టుకలోనే పిల్లల పట్టుదల ఉంది.

ఇక 1912 సీజన్. మొదటి నాలుగు మ్యాచ్‌లూ పెన్సిల్వేనియాలోని చిన్న కళాశాలల మీద. ఆల్‌బ్రైట్‌ను 50-7, లెబనాన్ వ్యాలీని 45-0, డికిన్సన్‌ను 34-0, విలనోవాను 65-0 తేడాతో ఓడించారు. చిన్న జట్లను కొట్టి లెక్కలు పెంచుకున్నారని ఎవరైనా అనవచ్చు. అందుకే ఆ తర్వాతి జాబితా చూడాలి. అక్టోబర్ 5న వాషింగ్టన్ అండ్ జెఫర్సన్ జట్టు వాళ్ళను 0-0 దగ్గర నిలబెట్టింది. వారం తిరిగేసరికి సిరక్యూస్‌ను 33-0తో ఓడించారు. అంతకుముందు ఏడాది కార్లైల్‌కు ఒకే ఒక్క ఓటమి రుచి చూపించింది ఆ సిరక్యూసే. తర్వాత పిట్స్‌బర్గ్ మీద 45-8. అక్టోబర్ 26 శనివారం జార్జ్‌టౌన్‌ను 34-20తో ఓడించి, సోమవారం కెనడాలో దిగి టొరంటో జట్టును 49-1తో ఓడించారు. ఐదు రోజులకు లీహై మీద 34-14. ఆ పై శనివారం వెస్ట్ పాయింట్‌లోని సైనిక అకాడమీ మీద 27-6. ఈ జట్టు పెద్ద మ్యాచ్‌లన్నీ దాదాపుగా పరాయి మైదానాల్లోనే, తనను చూడటానికి టికెట్ కొని వచ్చిన పరాయి జనం మధ్యే ఆడింది. రైలు దిగడం, ఆడటం, మళ్ళీ రైలెక్కడం. విసుగూ అలసటా పైబడే అలాంటి పది వారాల్లో ఒకే ఒక్కసారి, సైనిక అకాడమీ మ్యాచ్ అయిన వారానికి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం చేతిలో 34-26 తేడాతో ఓడారు. ఆ తర్వాత స్ప్రింగ్‌ఫీల్డ్‌ను 30-24తో, చివరి మ్యాచ్‌లో బ్రౌన్ విశ్వవిద్యాలయాన్ని 32-0తో గెలిచి సీజన్ ముగించారు.

మొదటి వివరణను ఇప్పుడు పరీక్షిద్దాం. ఇదంతా థార్ప్ ఘనతేనా? శాక్ అండ్ ఫాక్స్ తెగకు చెందిన జిమ్ థార్ప్ ఆ ఏడాది వేసవిలో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోనూ స్వర్ణం గెలిచి వచ్చాడు. ఆయన గొప్పతనాన్ని తగ్గించాల్సిన పని ఎవరికీ లేదు. స్ప్రింగ్‌ఫీల్డ్ మీద కార్లైల్ సాధించిన 30 పాయింట్లూ ఆయన ఒక్కడివే. ఎక్కువమంది ఒప్పుకునే లెక్క ప్రకారం ఆ సీజన్‌లో ఆయన సాధించినవి 25 టచ్‌డౌన్లు, 198 పాయింట్లు. ఏ జట్టులోనైనా ఒక్క మనిషికి ఇది గొప్ప లెక్క. కానీ అదే లెక్కను ఇంకోవైపు నుంచి చూడండి. మొత్తం 504లో 198 తీసేస్తే మిగిలేవి 306. అంటే ప్రతి ఐదు పాయింట్లలో మూడు మిగతావాళ్ళు సాధించినవే. అన్నిటికంటే ప్రసిద్ధమైన సైనిక అకాడమీ మ్యాచ్‌నే తీసుకుందాం. 1912 నవంబర్ 9న వెస్ట్ పాయింట్‌లో మొదట ఆరు పాయింట్ల ఆధిక్యం సాధించింది సైనికులే. కార్లైల్ తరఫున మొదటి టచ్‌డౌన్ జో బెర్గీది. తర్వాతి మూడూ అలెక్స్ ఆర్కాసావి. థార్ప్ అద్భుతంగా పరుగెత్తి సాధించిన ఒక టచ్‌డౌన్‌ను, తోటివాళ్ళ పొరపాటు కారణంగా చెల్లదన్నారు. అయినా ఆ రోజు గట్టెక్కించింది థార్ప్ పరుగులే అంటారు, నిజమే. ఎదుటి జట్టు కళ్ళన్నీ ఆయన మీద ఉండగా ఆర్కాసాకు దారి తెరుచుకుంది. ఆ దారిని ముందు వరుసలో జో గయాన్ లాంటివాళ్ళు దెబ్బలు తింటూ తెరిచిపెట్టారు. గయాన్ ధాటికి ఓర్చుకోలేక సైనిక జట్టు కెప్టెన్ లేలాండ్ డివోర్ అతని మీద పడి కొట్టి, మైదానం నుంచి బహిష్కరణకు గురయ్యాడు. ఆ సైనిక జట్టులో డ్వైట్ ఐసెన్‌హోవర్ అనే యువకుడు కూడా ఉన్నాడు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఆయన థార్ప్ ఆటను మెచ్చుకుంటూ మాట్లాడాడు. ఆయన మెచ్చుకోలు న్యాయమైనదే. కానీ ఒక వీరుణ్ణి మెచ్చుకుంటూ మిగతా పదిమందిని మరిచిపోవడం ఆ మ్యాచ్‌కు న్యాయం కాదు.

రెండో వివరణ వార్నర్‌ది. కుర్రాళ్ళది ఒళ్ళు, కోచ్‌ది మెదడు అని ఆనాటి పత్రికలు రాసేవి. వార్నర్ అసాధారణమైన వ్యూహకర్త. వెనుక వరుసలోని ఇద్దరిని రెండు రెక్కల్లా అంచులకు జరిపి నిలబెట్టే కొత్త అమరికను వెస్ట్ పాయింట్‌లో సైనిక అకాడమీ మీద ప్రయోగించిన మాట నిజం. కానీ ఇక్కడ ఒక నియమం తెలుసుకోవాలి. ఆ రోజుల్లో ఆట సాగుతుండగా కోచ్ గట్టు మీద నుంచి సూచనలు ఇవ్వడం నిషిద్ధం. ఏ క్షణంలో ఏ ఎత్తు వేయాలి, బంతి ఎవరికి ఇవ్వాలి, ఎప్పుడు విసరాలి, ఎప్పుడు తన్నాలి అనేవన్నీ మైదానంలో ఉన్న క్వార్టర్‌బ్యాక్ నిర్ణయించుకోవాలి. కార్లైల్ క్వార్టర్‌బ్యాక్ గస్ వెల్చ్ అనే ఓజిబ్వే యువకుడు. ఎదుటివాళ్ళ అమరికను చదివి, వాళ్ళ అంచనాను పసిగట్టి, మరుక్షణంలో ఇంగ్లీషులో సంకేతం చెప్పి పదిమందిని కదిలించాల్సిన బాధ్యత అతనిది. ఆ పదిమందీ వేర్వేరు తెగలవాళ్ళు. చాలామంది తల్లిభాషలు ఒకరివి ఒకరికి తెలియవు. అలాంటివాళ్ళు వేగమూ మాయా కలిసిన ఎత్తులను తడబడకుండా నడిపారంటే దాన్ని ఒళ్ళు బలం అనడం కుదరదు. వ్యూహం కాగితం మీద గీసిన చేతికి ఎంత గౌరవం ఇస్తామో, వేలమంది అరుపుల మధ్య దాన్ని సమయానికి ఎన్నుకున్న బుర్రకు అంతకంటే తక్కువ ఇవ్వకూడదు. ఇంకొక మాట. వార్నర్ తర్వాత వేరే విశ్వవిద్యాలయాల్లోనూ గొప్ప జట్లను తయారుచేశాడు. అది ఆయన ప్రతిభకు నిదర్శనం. అలాగే కార్లైల్ ఆటగాళ్ళు ఆయన నీడ దాటాకా రాణించారు. వెల్చ్ వాషింగ్టన్ స్టేట్ కళాశాలకు, అంతకుముందు తరం కార్లైల్ ఆటగాడు ఆల్బర్ట్ ఎక్సెన్‌డైన్ జార్జ్‌టౌన్‌కు కోచ్‌లయ్యారు. గయాన్ వృత్తి ఫుట్‌బాల్‌లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు. 1920లో ఆ వృత్తి ఫుట్‌బాల్ సంఘానికి తొలి అధ్యక్షుడు థార్ప్.

కార్లైల్ ఆటగాళ్ళు కళాశాల కుర్రాళ్ళ కంటే వయసు మళ్ళినవాళ్ళనీ, అది అన్యాయమైన పోటీ అనీ అప్పట్లో మరో విమర్శ ఉండేది. థార్ప్‌కు అప్పుడు ఇరవై నాలుగైదేళ్ళు ఉన్న మాట నిజమే. అయితే సైనిక అకాడమీ కూడా అంతకుముందు వేరే కళాశాలల్లో ఆడి వచ్చినవాళ్ళను తన జట్టులోకి తీసుకునేది. కట్టుదిట్టమైన అర్హత నియమాలు దేశమంతటా ఒకే రకంగా అమలులో లేని కాలం అది. ఆ వదులుతనాన్ని అందరిలోనూ చూడాలి. లేదంటే ఎవరిలోనూ చూడకూడదు.

ఇక అన్నిటికంటే బరువైన వాదన మూడోది. బడి లేకపోతే ఈ కుర్రాళ్ళు హార్వర్డ్, వెస్ట్ పాయింట్ మైదానాల్లో అడుగుపెట్టేవాళ్ళేనా అని అడుగుతారు. ఆ ప్రశ్నను తేలిగ్గా తోసిపారేయకూడదు. థార్ప్‌తో సహా చాలామంది ఆటగాళ్ళు కార్లైల్ జట్టు జ్ఞాపకాలను జీవితమంతా ఆప్యాయంగానే చెప్పుకున్నారు. కానీ స్నేహితుల మీద ఉన్న ఆప్యాయత వేరు, సంస్థకు ఇచ్చే యోగ్యతాపత్రం వేరు. ఈ తేడాను మనకు చూపించింది వెల్చే. 1914లో అమెరికా కాంగ్రెస్ సంయుక్త కమిషన్ కార్లైల్ బడి మీద విచారణ జరిపింది. దానికి దారితీసిన విద్యార్థుల విజ్ఞాపన వెనుక నిలిచినవాళ్ళలో ముఖ్యుడు వెల్చ్. దాని మీద రెండు వందలకు పైగా విద్యార్థులు సంతకాలు చేశారు. చాలీచాలని తిండి, దెబ్బలు, కోచ్ దురుసు ప్రవర్తన, టికెట్ల డబ్బుతో పెరిగిన క్రీడా నిధిని సక్రమమైన లెక్కలు లేకుండా ఖర్చు చేయడం వంటివి ఆ విచారణలో బయటకు వచ్చాయి. సూపరింటెండెంట్ మోజెస్ ఫ్రీడ్‌మన్ పదవి పోయింది. వార్నర్ కూడా 1914 సీజన్ తర్వాత పిట్స్‌బర్గ్‌కు వెళ్ళిపోయాడు. ఆలోచించండి. ఆ కుర్రాళ్ళ చెమటతో వేల డాలర్లు వచ్చాయి. పత్రికల్లో బడి పేరు మారుమోగింది. అదే బడిలో భోజనం బాగాలేదని అర్జీ పెట్టుకోవాల్సి వచ్చింది. మైదానంలో ఎత్తులు ఎన్నిన అదే బుద్ధి, అదే జట్టుతనం ఇక్కడ అన్యాయానికి ఎదురు నిలబడ్డాయి. బడి నేర్పినందువల్లే వాళ్ళు గెలిచారనే వాదన ఈ ఘట్టం దగ్గర నిలబడదు. మూలవాసి బుద్ధిని చెరిపేస్తే తప్ప మనిషి కాలేడని ప్రాట్ అన్నాడు. ఆ బుద్ధి చెరిగిపోలేదు గనుకే ఆ జట్టు గెలిచింది, ఆ గెలిచినవాళ్ళే బడిని ప్రశ్నించారు.

అయితే ఈ గెలుపువల్ల ఒరిగిందేమిటి, పోయిన నేల తిరిగి వచ్చిందా అని అడిగేవాళ్ళూ ఉన్నారు. రాలేదు. ఊండెడ్ నీ దగ్గర సైన్యం లకోటా ప్రజలను ఊచకోత కోసింది 1890 డిసెంబర్‌లో. సైనిక అకాడమీతో మ్యాచ్ నాటికి ఇరవై రెండేళ్ళు కూడా నిండలేదు. ఆ మ్యాచ్‌ను పాత యుద్ధానికి ప్రతీకారంగా చిత్రించడం పత్రికలకు ఇష్టమైన పని. ఆ వర్ణన రక్తి కట్టిస్తుంది కానీ సత్యాన్ని మరుగుపరుస్తుంది. ఆట వల్ల చట్టం మారలేదు. మూలవాసులందరికీ అమెరికా పౌరసత్వం దక్కింది 1924లో మాత్రమే. కనుక 1912లో తమను చూసి చప్పట్లు కొట్టిన జనానికి ఉన్న పౌరహక్కులు జట్టులోని చాలామందికి లేవు. ఆటకు అంత శక్తి ఉందని నేనూ అనను. కానీ మూలవాసులు నాగరిక జీవితానికి కావలసిన ఆలోచనా క్రమశిక్షణ లేనివాళ్ళన్న మాటను సాకుగా పెట్టుకుని వాళ్ళ భూములనూ పిల్లలనూ తీసుకున్నారు. ఆ సాకు అబద్ధమని పది వారాలపాటు, వేలమంది కళ్ళముందు, ఆ సాకు చెప్పినవాళ్ళే పెట్టిన నియమాల ప్రకారమే రుజువైంది. ఆ రుజువును చూసి కూడా విధానం మార్చుకోకపోవడం ఆటగాళ్ళ వైఫల్యం కాదు, ప్రభుత్వ వైఫల్యం.

ఘనత పంచే చోట ఎంత నిర్దయ ఉంటుందో సీజన్ ముగిసిన రెండు నెలలకే తెలిసివచ్చింది. 1909, 1910 వేసవుల్లో నార్త్ కరోలినాలో కొద్దిపాటి డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడాడన్న కారణంతో 1913 జనవరిలో థార్ప్ అమెచ్యూర్ హోదాను రద్దుచేశారు, ఒలింపిక్ పతకాలు వెనక్కి తీసుకున్నారు. నిబంధన నిబంధనే కదా అని సమర్థించేవాళ్ళు ఉన్నారు. కానీ ఒలింపిక్ ఫలితాల మీద అభ్యంతరం చెప్పడానికి నిర్ణయించిన 30 రోజుల గడువు అప్పటికి ఎప్పుడో దాటిపోయింది. ఆ నిబంధనను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. 1953లో థార్ప్ కన్నుమూశాడు. ఆ తర్వాత దాదాపు ముప్పై ఏళ్ళకు, 1982లో, ఒలింపిక్ కమిటీ ఆయన్ను తిరిగి విజేతగా గుర్తించింది, అదీ ఇతరులతో కలిపి ఉమ్మడిగా. ఆయన ఒక్కడే విజేత అని ప్రకటించడానికి 2022 దాకా పట్టింది. ఆ విజయాలకు నూట పదేళ్ళు నిండిన తర్వాత అన్నమాట.

కార్లైల్ బడి 1918లో మూతపడింది. 2017 నుంచి అక్కడి సమాధుల్లోని పిల్లల అవశేషాలను వాళ్ళ తెగలకు అప్పగిస్తున్నారు. 2024 అక్టోబర్‌లో అమెరికా అధ్యక్షుడు జో బైడెన్ ఇలాంటి బడుల విధానానికి దేశం తరఫున క్షమాపణ చెప్పాడు. అదే ఏడాది డిసెంబర్‌లో కార్లైల్ ఆవరణను జాతీయ స్మారకంగా ప్రకటించాడు. ఈ దిద్దుబాట్లు ఆలస్యంగానైనా రావడం మంచిదే. కానీ క్షమాపణ పిల్లల బాధను గుర్తించినంత మాత్రాన సరిపోదు. ఆ గెలుపు వెనుక ఉన్న ప్రతిభ వాళ్ళదేనని కూడా గుర్తించాలి. బాధితులుగా మాత్రమే చూస్తే వాళ్ళ బుద్ధి కనపడదు. వీరులుగా మాత్రమే చూస్తే వాళ్ళు మోసిన భారం కనపడదు. రెండూ కలిపి చూసినప్పుడే 1912 సీజన్ పూర్తిగా అర్థమవుతుంది.

శ్రోతలారా, అణచివేతకు గురైన సమాజం నుంచి ఒక విజేత వచ్చినప్పుడల్లా, ఆ విజయాన్ని అణచినవాళ్ళ ఉదారతకు రుజువుగా చూపించే అలవాటు అన్ని దేశాల్లోనూ ఉంది. అలాంటి కథ విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేయమని మిమ్మల్ని కోరుతున్నాను. ఆ గెలుపుకు పనిచేసిన బుద్ధి ఎవరిది? దాని ఫలం ఎవరికి దక్కింది? ఆ ఒక్కరి వెనుక నిలిచి పేరు దక్కని మిగతావాళ్ళు ఎవరు? కార్లైల్ విషయంలో ఈ మూడింటికీ జవాబులు దొరుకుతున్నాయి. థార్ప్ పేరు తలచిన ప్రతిసారీ గస్ వెల్చ్, అలెక్స్ ఆర్కాసా, జో గయాన్, జో బెర్గీల పేర్లు కూడా తలవండి. ఆ 504 పాయింట్లు బడివి కావు, ఆ కుర్రాళ్ళవి.